పాత టర్న్‌టేబుల్‌కు ముందుగా ఏం మార్చాలి?

ప్రశ్న: ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ రికార్డులు వింటున్నాను. సెకండ్‌హ్యాండ్‌లో టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 కొన్నాను. ప్రతి వైపూ చివరి పాటలో ‘స’, ‘శ’లు బరబరమంటున్నాయి. యాంప్లిఫయర్ మార్చాలా? తాతగారి 78 ఆర్‌పీఎం రికార్డులు దీనిమీద వినొచ్చా?

జవాబు: యాంప్లిఫయర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఎల్‌పీ (33 ఆర్‌పీఎంలో తిరిగే పెద్ద రికార్డు) అంచున గాడి సెకనుకు 50 సెంటీమీటర్ల వేగంతో ముల్లు కింద నడుస్తుంది, లోపలికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే శబ్దం తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది కాబట్టి అరిగిన ముల్లు ముందు అక్కడే దొరికిపోతుంది. పాతవారు ఎన్ని గంటలు వాడారో తెలియదు కదా, దాన్ని తీసేయండి. అరిగిన ముల్లు గాడినే చెక్కేస్తుంది, ఆ నష్టం మళ్లీ పూడదు.

ఆడియో-టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్ (ముల్లు అమరే చిన్న భాగం) మంచి మొదలు. తర్వాత ముల్లు ఒక్కటే మార్చి మైక్రోలీనియర్‌కు (మరింత సన్నటి మొన ఉన్న ముల్లు) వెళ్లొచ్చు, లోపలి గాడుల్లో తేడా స్పష్టంగా వినిపిస్తుంది. హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించే ముక్క) రబ్బరు వాషర్ నుంచి ముల్లు మొనకు సరిగ్గా 52 మిల్లీమీటర్లు ఉండేలా బిగించండి. యాంటీస్కేట్ (ముల్లు రికార్డు మధ్యకు లాగుకుపోకుండా పట్టే సర్దుబాటు) సున్నా చేసి, ఆర్మ్ (ముల్లును మోసే కడ్డీ) గాలిలో సమంగా తేలేదాకా వెనక బరువు తిప్పండి. బరువు కదలకుండా అంకెల రింగును మాత్రం సున్నాకు తెచ్చి, అప్పుడు రెండూ కలిపి 2 గ్రాములకు తిప్పండి. యాంటీస్కేట్ కూడా 2.

హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తే టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు ఫోనో ప్రీయాంప్‌కు (టర్న్‌టేబుల్ సన్నటి సిగ్నల్‌ను పెంచే పరికరం) బిగించారో లేదో చూడండి.

78లు దీనిమీద వద్దు. ఎంకే2లో ఆ వేగమే లేదు, ఎల్‌పీ ముల్లు ఆ వెడల్పు గాడికి మరీ సన్నం. ఆ రికార్డులను ఆల్కహాల్‌తో మాత్రం తుడవకండి, వాటిలోని లక్క కరిగిపోతుంది.