సమాధానం: కేంద్ర బ్యాంకు డబ్బు నాలుగింతలైనా ధరలు ఎందుకు పెరగలేదు?

2008 తర్వాత అమెరికాలో కేంద్ర బ్యాంకు సృష్టించిన డబ్బు కొన్నేళ్లలోనే నాలుగింతలకు పైగా పెరిగినా ధరలు ఆ స్థాయిలో పెరగలేదు కాబట్టి, ద్రవ్య సరఫరా లెక్కలను నమ్మవచ్చా అని మీరు అడిగారు. చిక్కంతా మీరు ఎంచుకున్న అంకెలోనే ఉంది. మీరు చూసినది మూల ద్రవ్యం, అంటే చలామణీలో ఉన్న నగదుతో పాటు వాణిజ్య బ్యాంకులు కేంద్ర బ్యాంకు వద్ద ఉంచిన నిల్వల మొత్తం. 2008 అక్టోబరు నుంచి ఆ నిల్వలపై అమెరికా కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వ్ వడ్డీ చెల్లించడం మొదలుపెట్టింది; అప్పులు తీసుకునేవారూ తగ్గడంతో సృష్టించిన సొమ్ములో అధిక భాగం బ్యాంకుల ఖాతాల్లోనే ఉండిపోయింది. ప్రజల చేతిలోని నగదును, డిపాజిట్లను లెక్కించే ఎం2 అంత వేగంగా పెరగలేదు.

2020లో పరిస్థితి వేరు. ప్రభుత్వ సహాయం నేరుగా ప్రజల ఖాతాల్లో పడటంతో ఎం2 ఒక్క ఏడాదిలోనే సుమారు నాలుగో వంతు పెరిగింది. సరఫరా అంతరాయాలు, ఇంధన ధరలు కూడా తోడై 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది.

మారకపు రేటును మాత్రం వీటితో కలపకండి. అది రెండు కరెన్సీల మధ్య పోలిక మాత్రమే. అదే 2022లో, స్వదేశంలో కొనుగోలు శక్తి కోల్పోతున్న డాలరు, ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లను వేగంగా పెంచడం వల్ల ఇతర ప్రధాన కరెన్సీలపై బలపడింది. నా అభిప్రాయంలో ముందుగా ఎం2 వృద్ధిని, బ్యాంకు రుణాల వృద్ధిని పక్కపక్కన పెట్టి, వాటిని వాస్తవ ఉత్పత్తి వృద్ధితో పోల్చి చూడటం మేలు.