శిబిరంలో తలనొప్పి: కారణం ధ్యానం కాదు, బహుశా కాఫీ మానడం

రోజుకు నాలుగు కప్పుల కాఫీ తాగే మీకు ధ్యాన శిబిరంలో అది ఒక్కసారిగా ఆగిపోయింది. రెండో రోజు కూర్చోలేనంత తలనొప్పి రావడానికి బహుశా అదే కారణం. ఈ నొప్పి కాఫీ మానేసిన 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది, ఒక్కోసారి 9 రోజుల దాకా వదలదు.

చాలామంది మరిచిపోయేది ఒకటే: తగ్గించడం ఇంటి దగ్గరే మొదలవ్వాలి.

1. శిబిరానికి రెండు వారాల ముందు నుంచి మూడు నాలుగు రోజులకో కప్పు తగ్గించండి. టీలోనూ కెఫీన్ ఉంటుంది. కాఫీ మాని టీ పెంచితే లాభం లేదు.
2. సాయంత్రం కప్పు ముందు, పొద్దుటిది చివర్న మానండి. నిద్రా కుదురుతుంది.
3. మీరు వాడే మందులు మాత్రం ఆపొద్దు. హీలింగ్‌తో (మందుల్లేకుండా నయం చేస్తామనే పద్ధతితో) జబ్బు తగ్గిపోతుందని ఎవరు చెప్పినా సరే, డాక్టర్ని అడగకుండా ఒక్క మాత్ర కూడా మానకండి.

ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చినా, చూపు మసకబారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.