కావలి తమ్ముడికి: వన్ ఎక్స్ వేరు, సిరీస్ ఎక్స్ వేరు

తమ్ముడూ, నెల్లూరులో ఎవరో మైక్రోసాఫ్ట్ వాళ్ల గేమ్ కన్సోల్ (టీవీకి తగిలించి గేములు ఆడుకునే డబ్బా) ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్‌ 24 వేలకి ఇస్తామన్నారు, లేటెస్ట్ మోడలేనంట, అడ్వాన్స్ ఇచ్చేదా అని అడిగావు కదా. ఇయ్యబాక. అది 2017లో వచ్చింది, 2020లో తయారీ కూడా ఆపేశారు, కొత్త గేములు చాలావరకు దానికి రావట్లేదు. నువ్వు అనుకుంటున్నది సిరీస్ ఎక్స్, 2020 నవంబర్‌లో వచ్చింది. ఇందులో నీ తప్పేం లేదు, సోనీ వాళ్లు తమ ప్లేస్టేషన్‌కి 1 నుంచి 5 దాకా వరసగా నంబర్లు పెట్టుకుంటే మైక్రోసాఫ్ట్ వాళ్లు ఎక్స్‌బాక్స్, 360, వన్, వన్ ఎస్, వన్ ఎక్స్, సిరీస్ ఎస్, సిరీస్ ఎక్స్ అని పెట్టారు, ఎవరికైనా తికమకే. చూడంగానే తెలుస్తది: వన్ ఎక్స్ డీవీడీ ప్లేయర్ మాదిరి చదునుగా ఉంటది, సిరీస్ ఎక్స్ నిలువు డబ్బా.

సిరీస్ ఎస్ చవకే కానీ డిస్క్ పెట్టే చోటే ఉండదు. మా పిన్ని కొడుకు అది కొని, ట్రంకు రోడ్డులో రెండు డిస్కులు కూడా కొనుక్కొచ్చాడు, ఇంటికొచ్చాక పాపం ఏం చేయాలో తెలీక కూర్చున్నాడు.

సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) అయితే మన దేశంలో 2021లో డిస్క్‌ది 49,990, డిజిటల్ (డిస్క్ పెట్టే చోటు లేనిది) 39,990కి వచ్చాయి. ఆ 10 వేలు మిగులుతాయని డిజిటల్‌కి పోబాక. డిస్క్ ఆడేసి అమ్ముకోవచ్చు, ఫ్రెండ్స్‌తో మార్చుకోవచ్చు, డిజిటల్ గేమ్ నీ అకౌంట్‌లోనే ఉండిపోతది. డబ్బులు మరీ చాలకపోతే తర్వాత వచ్చిన సన్నటి మోడల్, స్లిమ్ డిజిటల్ తీసుకో, దానికి డిస్క్ డ్రైవ్ తర్వాత విడిగా కొని తగిలించుకోవచ్చు, పాత డిజిటల్‌కి కుదరదు. కొనేముందు డబ్బా మీద పేరు ఫోటో తీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.