రాత్రి పన్నెండైనా పాఠం తయారవదు, తయారైనా ఎవరూ చూడరు

ప్రశ్న: యూనివర్సిటీలో పదహారేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఈ సెమిస్టర్ నుంచి మా కోర్సును ఫ్లెక్సిబుల్ పద్ధతిలోకి మార్చమన్నారు. కొందరు క్లాసుకొస్తారు, కొందరు ఆన్‌లైన్‌లో వింటారు, మిగతావాళ్లు తీరిక చూసుకుని రికార్డింగ్ చూస్తారు. రోజూ రాత్రి పన్నెండు దాటుతోంది. ఇంతా చేస్తే సగం మంది రికార్డింగ్ తెరవనే లేదు. లోపం నాలోనే ఉందా?

జవాబు: లేదండీ. మూడు కోర్సుల పని మీ నెత్తిన పెట్టి ఒక్క కోర్సుగా లెక్క రాసుకున్నారు, అసలు సమస్య అది. ఈ పద్ధతిని హైఫ్లెక్స్ అంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో బ్రయన్ బీటీ 2006 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టింది పీజీ విద్యార్థుల కోసం. నిన్నమొన్న డిగ్రీలో చేరిన పిల్లలకు 'ఎప్పుడైనా చూసుకోండి' అంటే చాలామందికి ఆ 'ఎప్పుడైనా' పరీక్ష ముందురోజే వస్తుంది. కాబట్టి వెసులుబాటు ఎక్కడ కూర్చుని చదవాలన్న దాంట్లో ఇవ్వండి, గడువులో వద్దు. వారానికి ఒక చిన్న ప్రశ్న, ఆదివారం రాత్రిలోపు జవాబు, అందరికీ ఒకటే.

ఇక రికార్డింగ్ సంగతి. మీరే ఒకసారి హెడ్‌ఫోన్ పెట్టుకుని మొత్తం వినండి. బోర్డువైపు తిరగగానే మీ గొంతు పడిపోతుంది, వెనక బెంచీలోంచి ఎవరో అడిగింది వినపడదు, క్లాసంతా నవ్వుతుంది, ఇంట్లో చూసేవాళ్లకు ఎందుకో తెలియదు. అలా గంటసేపు ఎవరు కూర్చుంటారు చెప్పండి! ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో కూడా ఆరు నిమిషాల్లోపు వీడియోలనే ఎక్కువ శ్రద్ధగా చూశారని తేలింది. అందుకని క్లాసు మొత్తం పెట్టకండి, ఆ రోజు పాఠంలో కష్టమైన ముక్క ఒక్కటి విడిగా చెప్పి పెట్టండి, ఎడిటింగ్ జోలికి పోకండి, తడబడినా ఫరవాలేదు. లైవ్ క్లాసులో ఎవరేం అడిగినా ఆ ప్రశ్నను మైకులో మళ్లీ చెప్పాకే జవాబివ్వండి. చాట్ చూసే పని వంతులవారీగా ఒక విద్యార్థికి అప్పగించండి, పాఠం చెబుతూ అది కూడా చూడటం మనిషికి సాధ్యం కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, రెండు వారాలపాటు ఈ కోర్సుకు ఎన్ని గంటలు పోతున్నాయో, రాత్రి మెసేజ్‌లకు జవాబులతో సహా రాసి పెట్టుకోండి. ఆ కాగితం పట్టుకెళ్లి, ఇది నడిచినన్నాళ్లూ ఇంకో క్లాసు తగ్గించమని మీ హెడ్‌ను అడగండి. నోటితో కాదు, లెటర్ ఇచ్చి. ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు.