టెస్లా కాయిల్ సెకండరీ చుట్టడానికి ఇంట్లోనే మోటారు మెషీన్ చేసుకోవచ్చా?

తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్నానని, టెస్లా కాయిల్ (హై వోల్టేజితో గాల్లోకి స్పార్కులు వదిలే పరికరం) సెకండరీని, అంటే పైపు మీద సన్నటి వైరుతో వందల చుట్లు చుట్టే పొడవాటి కాయిల్‌ను, డ్రిల్ మెషీన్‌కు పీవీసీ పైపు బిగించి చుడుతుంటే సగంలో వైరు తెగిపోతోందని రాశారు. తెగక ఏం చేస్తుంది! ట్రిగ్గర్ నొక్కగానే డ్రిల్ ఒక్కసారిగా లాగేస్తుంది.

పాత కారు వైపర్ మోటారు తెచ్చుకోండి. చిత్తూరులో మా ఇంట్లో నేను చేసుకున్న మెషీన్ దాంతోనే. 12 వోల్టులు చాలు, నిమిషానికి సుమారు 50 చుట్లు నిదానంగా తిరుగుతుంది. దాన్ని ఎంచుకోవడానికి అసలు కారణం లోపలి వర్మ్ గేరు, అంటే మరలాంటి రాడ్డు పళ్ల చక్రాన్ని తిప్పే గేరు. కరెంటు ఆపితే పైపు అక్కడికక్కడే నిలబడిపోతుంది, వెనక్కి తిరగదు. మధ్యలో ఫోన్ వచ్చినా, కరెంటు పోయినా చుట్టిందంతా వదులైపోతుందన్న టెన్షన్ ఉండదు. ఇబ్బందల్లా ఒకటే: నాలుగు చుట్లు విప్పాలంటే చేత్తో తిప్పలేం, నట్టు వదులు చేసి పైపు ఒక్కటే తిప్పాలి. చాలా వైపర్ మోటార్లలో నెగటివ్ బాడీకే కలిపి ఉంటుంది, అది చూసుకుని వైర్లు కలపండి. వేగానికి డీసీ స్పీడ్ కంట్రోలర్, ఆన్ ఆఫ్‌కు కాలితో నొక్కే స్విచ్. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా.

పైపు రెండు చివరలా ప్లైవుడ్ బిళ్లలు, మధ్యలో మరల రాడ్డు, అవతలి చివర బేరింగు. ఇది ఏ వడ్రంగి అయినా చేసి పెడతాడు.

వైరు మోటారు వైండింగ్ షాపుల్లో కిలోల లెక్కన దొరుకుతుంది. మన వైపు వాళ్లకు బోరు మోటార్ల పనే ఎక్కువ కాబట్టి ప్లాస్టిక్ పూత వైరు చేతిలో పెడతారు, అది వద్దు. 28 గేజి ఎనామెల్ వైరు (పలుచని వార్నిష్ లాంటి పూత ఉన్న రాగి వైరు) అని అడగండి. 110 మిల్లీమీటర్ల పైపు మీద 1000 చుట్లకు దాదాపు 345 మీటర్లు పడుతుంది, బరువు సుమారు 350 గ్రాములు. అరకిలో కొంటే సరి.

వైరును నడిపించడానికి ఆటోమేటిక్ గైడ్ పెట్టాలని చాలామందికి ఆశ. నా మాట వినండి, వద్దు. పైపు ఎక్కడా కచ్చితమైన గుండ్రం కాదు, గైడ్ తన లెక్కలో తాను పోతుంది, మధ్యలో సందులు పడతాయి. వేళ్ల మధ్య మెత్తటి గుడ్డతో వైరు పట్టుకుని, చుట్టేసిన వైపుకే రవ్వంత వాల్చి పట్టండి. కొత్త చుట్టు పాత చుట్టుకు ఆనుకుని దానంతటదే కూర్చుంటుంది. చివరలను టేపుతో ఆపండి. పైపుకు రంధ్రం చేసి వైరు లోపలికి దూర్చితే రేపు స్పార్క్ లోపలే కొడుతుంది. రాడ్డు కూడా తర్వాత తీసేయాలి.

చుట్టడం అయ్యాక, చుట్లు కదలకుండా పైన వార్నిష్ వేసే ముందు వైరు రెండు చివరలకూ మల్టీమీటర్ పెట్టండి, 53 ఓముల దగ్గర చూపించాలి. వైరు తెగిందో లేదో దాంతో తెలుస్తుంది. పక్కపక్క చుట్లు షార్ట్ అయితే మాత్రం మీటరుకు దొరకదు, టార్చి వేసి కంటితో వెతుక్కోవాల్సిందే.