మోటారు ఆగగానే డిస్‌ప్లేలో పిచ్చి గీతలు ఎందుకు? - హాబీ ఎలక్ట్రానిక్స్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే మాట: "ప్రోగ్రామ్ కరెక్టే సార్, కానీ పనిచెయ్యట్లేదు." బోర్డు ఏది, దానికి కరెంటు ఎక్కడి నుంచి ఇస్తున్నారు, చివరిసారి పనిచేశాక ఏం మార్చారు, ఈ మూడూ రాస్తే సగం పని అయినట్టే. అవి రాయనివాళ్ల ప్రశ్నలు పక్కన పెట్టాను. ఏమీ అనుకోకుండా వివరాలతో మళ్లీ పంపండి.

ప్రశ్న: ఆర్డుయినో నానో బోర్డుతో బ్లూటూత్ కారు చేస్తున్నాను. మొన్నటిదాకా ప్రోగ్రామ్ బాగానే ఎక్కేది. హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్ కలిపినప్పటి నుంచి "నాట్ ఇన్ సింక్" అని ఎర్రక్షరాలు వరసగా వచ్చి ఆగిపోతోంది. వీడియోలు చూసి ప్రాసెసర్ మెనూలో ఓల్డ్ బూట్‌లోడర్ (చిప్పులో ఉండి కొత్త ప్రోగ్రామ్‌ని అందుకునే చిన్న ప్రోగ్రామ్) పెట్టాను, కేబుల్ మార్చాను, డ్రైవర్ కూడా మళ్లీ వేశాను. బోర్డు పోయిందా?
- డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ

జవాబు: బోర్డుకేం కాలేదమ్మా. మొన్నటిదాకా ఎక్కింది, మాడ్యూల్ కలిపాక ఎక్కట్లేదు అని మీరే రాశారు. అంటే కేబుల్, డ్రైవర్, బూట్‌లోడర్ మీద అనుమానమే అక్కర్లేదు, మాడ్యూల్ కలిపేదాకా అవన్నీ బాగానే పనిచేశాయి కదా. మాడ్యూల్ వైర్లు 0, 1 పిన్నులకు పెట్టి ఉంటారు. యూఎస్‌బీ నుంచి వచ్చే ప్రోగ్రామ్ కూడా ఆ రెండు పిన్నుల మీదుగానే చిప్పులోకి వెళ్తుంది. మాడ్యూల్ ఆ లైన్‌ని పట్టుకుని కూర్చుంటే కంప్యూటర్ పిలుపు చిప్పుకి చేరదు, చిప్పు నుంచి జవాబు రాదు కాబట్టి ఆ ఎర్రక్షరాలు. ఆ రెండు వైర్లూ పీకి అప్‌లోడ్ చేసి, అయ్యాక మళ్లీ పెట్టండి. ప్రతిసారీ పీకడం విసుగు అనుకుంటే సాఫ్ట్‌వేర్ సీరియల్ లైబ్రరీతో 10, 11 పిన్నులకు మార్చేసుకోండి, సెకనుకి 9600 బిట్ల వేగానికి అది బాగానే పనిచేస్తుంది.

మెనూలో మార్చిన బూట్‌లోడర్‌ని కూడా మొదట ఎలా ఉందో అలాగే పెట్టండి, లేకపోతే వైర్లు పీకినా అదే ఎర్రర్ వచ్చి ఈసారి నిజంగానే జుట్టు పీక్కుంటారు. పాత నానోలు 57600 వేగంతో మాట్లాడతాయి, 2018 జనవరి నుంచి కంపెనీ అమ్ముతున్నవి 115200తో. క్లోన్ బోర్డుల్లో ఎక్కువగా పాతదే ఉంటుంది.

ఇంకా అనుమానం తీరకపోతే ఒక పరీక్ష ఉంది. బోర్డుకి కలిపినవన్నీ తీసేసి, రీసెట్ పిన్నుని గ్రౌండ్‌కి ఒక వైరుతో, 0 పిన్నుని 1కి ఇంకో వైరుతో కలపండి. సీరియల్ మానిటర్ తెరిచి ఏదో ఒకటి టైప్ చేసి పంపండి. పంపింది తిరిగి కనిపిస్తే కేబుల్, డ్రైవర్, యూఎస్‌బీ చిప్పు అన్నీ బాగున్నట్టే. రాకపోతే తప్పు అటువైపే ఉంది, ప్రోగ్రామ్‌ని ఎంత తిప్పి రాసినా లాభం లేదు.

అన్నట్టు, ఆ మాడ్యూల్‌కి 5 వోల్టుల కరెంటు ఇచ్చినా దాని ఆర్‌ఎక్స్ పిన్ను (డేటా అందుకునేది) మాత్రం 3.3 వోల్టులదే. నానో టీఎక్స్ (డేటా పంపే పిన్ను) నుంచి 1కె, అంటే వెయ్యి ఓమ్‌లు, మాడ్యూల్ ఆర్‌ఎక్స్ నుంచి గ్రౌండ్‌కి 2కె రెసిస్టర్ పెట్టి వోల్టేజీ తగ్గించి ఇవ్వండి.

ప్రశ్న: ఆర్డుయినో ఊనో బోర్డు, అల్ట్రాసానిక్ సెన్సర్, 16x2 ఐటూసీ డిస్‌ప్లే (రెండు డేటా వైర్లతో నడిచేది), ఒక 5 వోల్టుల రిలే మాడ్యూల్‌తో (బోర్డు చెప్పినట్టు ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్) మేడమీది ట్యాంకుకి ఆటోమేటిక్ కంట్రోలర్ చేశాను. బోర్డుకి 12 వోల్టుల అడాప్టర్. 1 హెచ్‌పీ మోటారు నేరుగా రిలేకే కలిపాను. మోటారు ఆన్ అయ్యేటప్పుడు పర్వాలేదు గానీ, ఆఫ్ అవ్వగానే డిస్‌ప్లేలో పిచ్చి పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఒకసారి ట్యాంకు నిండిపోయి మోటారు ఆగనే లేదు, కింద వాళ్లతో గొడవైంది. ప్రోగ్రామ్‌లో ఏం మార్చాలి?
- ప్రైవేటు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: ప్రోగ్రామ్‌ని అలాగే ఉంచండి. ముందు మెయిన్ ఆఫ్ చేసి, రిలే దగ్గర మోటారు వైర్లు రెండూ ఊడదీయించి, వాటి కొసలకు ఇన్సులేషన్ టేపు చుట్టించండి. ఆ తర్వాత బోర్డు ఆన్ చేసి రిలేని ఉత్తినే టక్ టక్ మనిపించండి. డిస్‌ప్లే అప్పుడు కూడా చెడిపోతే తప్పు సప్లైలో ఉంది. టక్‌మన్నా డిస్‌ప్లే నిక్షేపంగా ఉంటే తప్పు మోటారు వైపు ఉంది. ఈ ఒక్క పరీక్ష చెయ్యకుండా కెపాసిటర్లు కొనుక్కొచ్చి అంటించేవాళ్లే ఎక్కువ.

మీరు రాసినదాన్ని బట్టి మోటారు వైపే. మోటారు అంటే లోపలంతా కాయిలే. కరెంటు ఉన్నట్టుండి తెంపితే కాయిల్ ఊరుకోదు, వోల్టేజీ ఒక్కసారిగా పైకి లేచి రిలే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ వస్తుంది. చీకట్లో చూస్తే కొన్ని రిలేల ప్లాస్టిక్ మూత లోంచి నీలంగా కనిపిస్తుంది కూడా. ఆ రవ్వ చిన్నపాటి రేడియో స్టేషనే అనుకోండి, పక్కనున్న ప్రతి వైరూ దానికి యాంటెన్నా. డిస్‌ప్లే వైర్ల మీద ఆ గోల పడగానే డిస్‌ప్లే చిప్పు లెక్క తప్పుతుంది. చాలాసార్లు ఊనో రీసెట్ కూడా అవ్వదు, డిస్‌ప్లే ఒక్కటే గాడి తప్పుతుంది. తేడా తెలియాలంటే సెటప్‌లో (బోర్డు మొదలైనప్పుడు ఒక్కసారి నడిచే భాగంలో) 13వ పిన్ను లైటు మూడుసార్లు వెలిగేలా రాసుకోండి. మోటారు ఆగినప్పుడు ఆ లైటు అలా వెలిగితే బోర్డు రీసెట్ అయినట్టు. వెలక్కపోతే డిస్‌ప్లే పనే.

ఇక అసలు సంగతి, మోటారు ఆగకపోవడం. రిలే మీద 10 ఆంప్స్ అని రాసి ఉంటుంది, నిజమే, అది హీటర్ లాంటి లోడ్‌కి. 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు 5, 6 ఆంప్సే తీసుకున్నా, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ వేడికి కాంటాక్టులు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు బోర్డు ఆఫ్ అని ఎంత మొత్తుకున్నా రిలే వదలదు. మీ ట్యాంకు పొర్లడానికి ఎక్కువ అవకాశం ఇదే. మోటారు ఊడదీసి ఉన్నప్పుడే రిలే కామన్, ఎన్‌ఓ (రిలే ఆఫ్‌లో తెరిచి ఉండేది) టెర్మినళ్ల మధ్య మీటరు కంటిన్యుటీలో (దారి కలిసి ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టి చూడండి. రిలే ఆఫ్‌లో ఉన్నా బీప్ వస్తే అతుక్కున్నట్టే, ఆ రిలేని పారెయ్యండి, తట్టి ఊడదీసి మళ్లీ వాడకండి.

చిన్న రిలేతో మోటారు నడపడం మానెయ్యండి. 230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్ (మోటార్ల కోసం చేసిన పెద్ద రిలే) పెట్టించండి, రిలే దాని కాయిల్‌కి మాత్రమే కరెంటు ఇస్తుంది, మోటారు భారం కాంటాక్టర్ మోస్తుంది. కాంటాక్టర్ కాయిల్ కూడా కాయిలే కాబట్టి దానికి అడ్డంగా స్నబర్ (ఆ వోల్టేజీ ఎగుడుని మింగేసేది) వెయ్యండి: 100 ఓమ్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్ వరసగా. కెపాసిటర్ మీద ఎక్స్2 అని, 275 వోల్ట్ ఏసీ అని ఉండాలి, మామూలు సిరామిక్ బిళ్ల వేస్తే ఒకరోజు టప్‌మంటుంది. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి, రెడీమేడ్ స్నబర్లు కూడా దొరుకుతాయి. ఈ 230 వోల్టుల పని మాత్రం ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, బ్రెడ్‌బోర్డు మీద చేసే పని కాదిది.

12 వోల్టుల అడాప్టర్ సంగతి. ఊనో మీది రెగ్యులేటర్ 12ని 5 చెయ్యడానికి మిగతా 7 వోల్టుల్నీ వేడిగా మార్చేస్తుంది. బోర్డు, డిస్‌ప్లే లైటు, రిలే కాయిల్ కలిపి 150 మిల్లీ ఆంప్స్ అనుకున్నా ఒక వాట్ పైన వేడి ఆ చిన్న ముక్కలో. వేలు పెట్టి చూడండి, పెట్టగానే తీసేస్తారు. మంచి 5 వోల్టుల మొబైల్ ఛార్జర్‌తో యూఎస్‌బీ సాకెట్ నుంచే ఇవ్వండి. సెన్సర్ వైరు, మోటారు వైరు ఒకే పైపులో వేసి ఉంటే విడదీయండి. ఇంకా నన్నడిగితే ట్యాంకు ఆవిరికి ఆ అల్ట్రాసానిక్ సెన్సర్ ఎక్కువ కాలం నిలవదు, ఫ్లోట్ స్విచ్ తక్కువ ఖర్చు, నమ్మకం కూడా. అంత పొడుగు వైరుకి ఊనో లోపలి పుల్అప్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు పిన్నుని 5 వోల్టుల దగ్గర పట్టి ఉంచే రెసిస్టర్) బలం చాలదు, బయట 4.7కె ఒకటి 5 వోల్టులకి, పిన్ను దగ్గర 0.1 మైక్రోఫారాడ్ ఒకటి గ్రౌండ్‌కి వేసుకోండి.

ప్రశ్న: ఊనో పిన్నుకి రెసిస్టర్ లేకుండా ఎల్‌ఈడీ పెట్టాను. నెల నుంచి బాగానే వెలుగుతోంది. మరి రెసిస్టర్ ఎందుకు?
- పదో తరగతి, తెనాలి

జవాబు: వెలుగుతోంది, నిజమే. పిన్ను లోపల ఉన్న కాస్త రెసిస్టెన్సే దాన్ని కాపాడుతోంది. ఊనో పిన్నుకి 40 మిల్లీ ఆంప్స్ దాటకూడని హద్దు, 20 లోపు ఉంటే క్షేమం. ఎర్ర ఎల్‌ఈడీ 2 వోల్టులు తీసుకుంటే మిగిలిన 3 వోల్టులకి 220 ఓమ్ పెడితే 14 మిల్లీ ఆంప్స్ లోపే వస్తుంది. వెలుతురులో తేడా కంటికి పెద్దగా తెలియదు కూడా. రేపు పిన్ను చచ్చిపోయాక ప్రోగ్రామ్‌లో తప్పు వెతుక్కునే బాధ కన్నా రెసిస్టర్ చాలా చవక.

ప్రశ్న: నిమిషానికోసారి ఉష్ణోగ్రత చూపించాలని డిలే(60*1000) అని రాశాను. మొదటి రీడింగ్ వస్తుంది, తర్వాత ఊనో బిగుసుకుపోతుంది. డిలే(30*1000) రాస్తే పనిచేస్తోంది. ఇదే ప్రోగ్రామ్ మా ఫ్రెండ్ ఈఎస్పీ32లో (వైఫై ఉన్న ఇంకో రకం బోర్డు) 60తోనే నడుస్తోంది! రెండు బోర్డులు మార్చాను, టెన్షన్ తప్ప ఏమీ రాలేదు.
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: ఈ వారం నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది, ఎందుకంటే 30కి పనిచేస్తుంది, 60కి చెయ్యదు అని సరిగ్గా గమనించి రాశారు. ఊనోలో ఇంట్ (మామూలు పూర్ణసంఖ్య) అంటే 16 బిట్లు, అందులో పట్టే పెద్ద సంఖ్య 32767. 60, 1000 రెండూ ఇంట్‌లే కాబట్టి గుణకారం కూడా ఇంట్‌లోనే జరుగుతుంది. 30000 పడుతుంది, 60000 పట్టదు, చుట్టు తిరిగి మైనస్ 5536 అవుతుంది. డిలేకి మైనస్ అంటే తెలియదు, అది తీసుకునేది అన్‌సైన్డ్ లాంగ్, అంటే మైనస్ లేని 32 బిట్ల సంఖ్య. అక్కడికి చేరేసరికి ఆ మైనస్ కాస్తా 4294961760 మిల్లీ సెకన్లు అయ్యి కూర్చుంటుంది. అంటే దాదాపు 49.7 రోజులు. మీ బోర్డు బిగుసుకుపోలేదండీ, మీరు చెప్పినట్టే ఆగింది, రెండో రీడింగ్ నెలన్నర దాటాక వస్తుంది.

డిలే(60*1000యూఎల్) అని రాయండి, 1000 పక్కన ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలు (UL) చాలు. నేరుగా 60000 అని రాసినా నడుస్తుంది, ఆ సంఖ్య ఇంట్‌లో పట్టదని కంపైలరే గమనించి లాంగ్ చేసుకుంటుంది. ఈఎస్పీ32లో ఇంట్ 32 బిట్లు, అందుకే మీ ఫ్రెండ్‌కి ఈ తలనొప్పి లేదు. ప్రిఫరెన్సెస్‌లో కంపైలర్ వార్నింగ్స్ అన్నీ ఆన్ చేసుకోండి, ఈ తప్పుని అదే చెప్పేది. మామూలుగా అది నోరు మూసుకుని ఉండేలా పెట్టి ఇస్తారు, ఎందుకో నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ప్రశ్న: కడియంలో మాకు నర్సరీ ఉంది. మట్టి తేమ సెన్సర్‌ని ఈఎస్పీ32లో 4వ పిన్నుకి పెట్టి ఫోన్‌కి పంపుతున్నాను. వైఫై లేకుండా అంకెలు బాగా వస్తాయి, వైఫై కలపగానే రీడింగ్ పనికిరాకుండా పోతోంది. పైగా రెండు పుల్లల సెన్సర్ కొద్దిరోజులకే తుప్పు పట్టినట్టు అయిపోతోంది.
- నర్సరీ యజమాని

జవాబు: ఈఎస్పీ32లో అనలాగ్ చదివే భాగాలు రెండు. 0, 2, 4, 12 నుంచి 15, 25 నుంచి 27 పిన్నులు రెండో దానివి, వైఫై నడుస్తున్నంతసేపూ దాన్ని వైఫై తన అవసరానికి తీసేసుకుంటుంది. 32 నుంచి 39 లోపు పిన్నుకి మార్చండి, 34 అయితే సరిపోతుంది. ప్రోగ్రామ్‌లో పిన్ను నంబరు తప్ప ఇంకేమీ మార్చక్కర్లేదు.

రెండో బాధకి కారణం తడి మట్టిలో ఎప్పుడూ ఒకే దిక్కుకి కరెంటు పారడం, దాంతో ఒక పుల్ల మీది పూత కరిగిపోతుంది. ఎరువు నీళ్లలో ఇంకా త్వరగా. కెపాసిటివ్ సెన్సర్ కొనండి, దాంట్లో లోహం మట్టికి తగలదు. దాని పైఅంచున ఎలక్ట్రానిక్స్ బయటికే ఉంటాయి గనక అక్కడ నెయిల్ పాలిష్ గానీ ఎపాక్సీ గానీ పూయండి. పాతదే వాడాలంటే సెన్సర్‌కి కరెంటు ఒక పిన్ను నుంచి ఇచ్చి, చదివే క్షణం ఆన్ చేసి వెంటనే ఆఫ్ చెయ్యండి, గంటకి ఒకటి రెండు రీడింగులు మొక్కలకి చాలు.

ప్రశ్న: నా మల్టీమీటరు వోల్టేజీ బాగా చూపిస్తోంది, కరెంటు మాత్రం ఎక్కడ కొలిచినా సున్నా. ఒకసారి 9 వోల్టుల బ్యాటరీ ఎంత కరెంటు ఇస్తుందో చూద్దామని ఆంప్స్‌లో పెట్టి నేరుగా దాని మీద ఆనించాను, అప్పటి నుంచే.
- రిటైర్డ్ ఉపాధ్యాయులు, నిజామాబాద్

జవాబు: ఫ్యూజ్ పోయింది మాస్టారూ. ఆంప్స్‌లో ఉన్న మీటరు అంటే దాదాపు ఒక వైరు ముక్కే, బ్యాటరీకి అడ్డంగా పెడితే షార్ట్ చేసినట్టు. కరెంటు కొలవాలంటే సర్క్యూట్‌లో ఒకచోట వైరు తెంచి, ఆ రెండు కొసల మధ్య మీటరు పెట్టాలి. ప్రోబులు మీటరు నుంచి తీసేశాక వెనక మూత విప్పండి, చిన్న గాజు ఫ్యూజ్ కనిపిస్తుంది. దాన్ని బయటికి తీసి, మూత మళ్లీ బిగించి, ఆ మీటరునే కంటిన్యుటీలో పెట్టి ఫ్యూజ్ రెండు కొసలూ ముట్టించండి. బీప్ రాకపోతే దాని మీద రాసి ఉన్న రేటింగ్‌దే ఇంకోటి తెచ్చి వెయ్యండి. రాగి తీగ మాత్రం చుట్టకండి.