గౌరవం లేని మర్యాద ఉంటుందా?

సందేహం: “ఆయన మీద నాకు గౌరవం లేదు. అయినా మర్యాదగానే మాట్లాడాను” అని ఒక వ్యాసంలో రాశాను. గౌరవం, మర్యాద ఒకటే కదా, ఒకటి లేనిచోట రెండోది ఎలా వస్తుందని మిత్రుడు ఆక్షేపించాడు. నా వాక్యం తప్పా?

సమాధానం: తప్పు కాదు. ఆ రెండు మాటల తేడా మీ వాక్యంలో చక్కగా పలికింది. దయచేసి మార్చకండి.

గౌరవం ‘గురు’ శబ్దం నుంచి పుట్టింది. గురువు అంటే బరువైనది. అందుకే లాఘవానికి, అంటే తేలికతనానికి, అది ఎదురుమాట అయింది. ఒక మనిషికి మన మనసులో ఉన్న బరువే గౌరవం. అది లోపలి సంగతి, అడిగి పుచ్చుకునేది కాదు.

మర్యాద దారి వేరు. సంస్కృతంలో దానికి ఎల్ల, పొలిమేర, ఒడ్డు అనే అర్థాలున్నాయి. సముద్రానికి చెలియలికట్ట ఎలాంటిదో మనిషికి మర్యాద అలాంటిది. వ్యాకరణం ఈ అర్థాన్ని భద్రంగా దాచింది. ‘ఆఙ్ మర్యాదాభివిధ్యోః’ అని పాణిని సూత్రం. ‘ఆ’ అన్న చిన్న మాట ఎల్లను చెబుతుంది. ఆ ఎల్లను విడిచి లెక్కిస్తే మర్యాద, కలుపుకుంటే అభివిధి. ‘ఆబాలగోపాలం’ అన్నప్పుడు బాలురూ గోపాలురూ కూడా లెక్కలోకి వస్తారు కనుక అక్కడ అభివిధి. మర్యాద అంటే గీతకు ఇవతలే ఆగడం. రాముణ్ణి మర్యాదాపురుషోత్తముడు అనడంలో ఉన్నది ఈ అర్థమే. ధర్మం గీసిన గీత ఆయన దాటలేదు.

తెలుగువాడి నోట ఈ పాత అర్థం ఇంకా బతికే ఉందని నాకు అనిపిస్తుంది. “మర్యాదగా ఇచ్చెయ్!” అని గద్దిస్తాం. “గౌరవంగా ఇచ్చెయ్” అంటే అందులో బెదిరింపే ఉండదు. మనం హద్దులో ఉన్నంతలోనే పని తేల్చుకో, దాటితే వేరే సంగతి అన్న హెచ్చరిక మర్యాద అన్న మాట లోపల ఉంది. అలాగే మర్యాదలు చేస్తాం కాని గౌరవాలు చెయ్యం. పైకి కనిపించే పనులు కనుక మర్యాదలకు బహువచనం సులువుగా అమరింది. పత్రికల్లో ‘మర్యాదపూర్వకంగా కలిశారు’ అని రాయడమూ సబబే. ఆ కలయిక పద్ధతి ప్రకారం జరిగిందని మాత్రమే ఆ మాట చెబుతుంది, లోపలి అభిమానం ఊసెత్తదు.

సభ్యతను మాత్రం వీటితో కలపకండి. సభలో మెలగడానికి తగినవాడు సభ్యుడు, అతని తీరు సభ్యత. పెద్దాయన్ని ఏకవచనంతో పిలిస్తే అది అమర్యాద. బూతు మాట్లాడితే అసభ్యత. ఈ మధ్య బూతులను కూడా ‘అమర్యాదకరమైన మాటలు’ అని రాసేస్తున్నారు. నేరం తీవ్రత తగ్గిపోతుంది కాబట్టి అది నాకు సమ్మతం కాదు.

మన్నన గౌరవానికీ మర్యాదకూ వంతెన లాంటిది. మన్నించడమంటే ఆదరించడమూ అవుతుంది, క్షమించడమూ అవుతుంది.

మీ వాక్యంలో ‘మర్యాదగానే’ అన్నచోట ఆ చివరి ‘నే’ను ఎవరు చెప్పినా తీసెయ్యకండి. మనసులో బరువు లేకపోయినా గీత దాటలేదన్న పట్టు దానిలోనే ఉంది.